ఇంటిల్లిపాదికీ విశ్రాంతి

సోమవారం ఆఫీసులోనో, బడిలోనో, కొట్టు దగ్గరో ఎవరైనా “నిన్న ఏం చేశారు?” అని అడిగితే మనలో చాలామంది కాస్త మొహమాటపడుతూ “ఏం లేదండీ, ఇంట్లోనే ఉన్నాం” అంటాం. ఊరు వెళ్లలేదు, సినిమాకు వెళ్లలేదు, పెళ్లి లేదు, ఫంక్షన్ లేదు. చెప్పుకోవడానికి ఏమీ లేదు కాబట్టి రోజంతా వృథా అయిందన్నట్టు మాట్లాడతాం. నిజానికి ఇంటిపట్టున తీరికగా గడిచిన రోజు మనకు దక్కే మేలుల్లో చిన్నదేమీ కాదు. ఆ రోజును ఎలా అనుభవించాలో, అందులో వాటా ఎవరికి అందడం లేదో ఈ వారం ఆలోచిద్దాం.

ఈ సెలవు ఊరికే రాలేదు

నెలను లెక్కపెట్టడానికి చంద్రుడున్నాడు. ఏడాదిని లెక్కపెట్టడానికి ఎండలూ వానలూ ఉన్నాయి. ఏడు రోజులకొకసారి పని ఆపమని ఆకాశంలో ఏ గుర్తూ లేదు. అది మనుషులు కాపాడుకుంటూ వచ్చిన ఏర్పాటు. ఇశ్రాయేలీయులు ఏడవ దినాన్ని ఆచరించారు. క్రీస్తు శకం 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారం నాడు న్యాయస్థానాలు, పట్టణాల్లోని పనిశాలలు మూసి ఉంచాలని శాసనం చేశాడు. పల్లెల్లో వ్యవసాయం చేసేవారికి మాత్రం మినహాయింపు ఇచ్చాడు.

మన దేశంలో ఆదివారం సెలవు వెనుక కార్మికుల పోరాటం ఉంది. బొంబాయి బట్టల మిల్లుల్లో ఒకప్పుడు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా పని. వారానికి ఒక రోజు సెలవనే మాటే లేదు. జోతిరావు ఫూలే అనుచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘాన్ని స్థాపించి వారపు సెలవు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 1890లో జరిగిన పెద్ద సభలో మహిళా కార్మికులు కూడా లేచి మాట్లాడారు. చివరికి ఆ ఏడాది జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి ఒక రోజు సెలవును కార్మికుని హక్కుగా రాసింది. లోఖండే క్రైస్తవుడు కాదు. అయినా ఆదివారం ఉదయం మందిరానికి వెళ్లి, మధ్యాహ్నం ఇంట్లో నడుం వాల్చగలుగుతున్న మనలో ఎందరమో ఆయనకు రుణపడి ఉన్నాం.

ఈ ఏర్పాటును మార్చాలని చూసినవారూ ఉన్నారు. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1793లో పది రోజుల వారాన్ని ప్రవేశపెట్టింది. పదో రోజు విశ్రాంతి. అంటే ఆరు రోజుల పని కాస్తా తొమ్మిది రోజులైంది. జనం దాన్ని మనసారా ఒప్పుకోలేదు. 1806 ప్రారంభంతో ఆ పంచాంగం కనుమరుగైంది. సోవియట్ ప్రభుత్వం 1929లో మరో ప్రయోగం చేసింది. యంత్రాలు ఏ రోజూ ఆగకూడదని కార్మికులను ఐదు జట్లుగా విడగొట్టి, ఒక్కో జట్టుకు ఒక్కో రోజు సెలవిచ్చింది. లెక్క ప్రకారం చూస్తే కార్మికునికి అంతకుముందు కంటే ఎక్కువ సెలవులే వచ్చాయి. కానీ భర్తకు సెలవున్న రోజు భార్య ఫ్యాక్టరీలో ఉండేది. తండ్రి ఇంట్లో ఉన్న రోజు పిల్లలు బడిలో ఉండేవారు. ఖాళీ ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే అది సెలవెలా అవుతుందని జనం గొణుక్కున్నారు. 1931లో ఆ పద్ధతిని సడలించి, 1940లో అందరికీ ఆదివారాన్ని తిరిగి ఇచ్చారు.

ఈ రెండు అనుభవాల నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది. విశ్రాంతి మరీ అరుదుగా వస్తే ఒళ్లు ఓర్చుకోదు. ఇంట్లో ఒకరికి దొరికి ఇంకొకరికి దొరకకపోతే మనసు ఒప్పుకోదు. ఇంటిల్లిపాదీ కలిసి తీసుకున్నప్పుడే అది విశ్రాంతిగా అనిపిస్తుంది.

లేఖనం చూపే రెండు కారణాలు

పది ఆజ్ఞలు బైబిలులో రెండుచోట్ల కనిపిస్తాయి. విశ్రాంతి దినపు ఆజ్ఞ రెండుచోట్లా ఉంది గాని, దానికి చెప్పిన కారణం మాత్రం ఒకటి కాదు. నిర్గమకాండము 20వ అధ్యాయంలో కారణం సృష్టి. దేవుడే ఆరు దినాలు పని చేసి ఏడవ దినాన విశ్రమించాడు, కాబట్టి మీరూ విశ్రమించండి అని. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలో కారణం ఐగుప్తు. మీరు ఒకప్పుడు బానిసలుగా ఉన్నారు, ఆ సంగతి మరిచిపోకండి అని.

మొదటి కారణం సంతోషానికి సంబంధించింది. సృష్టి కథలో దేవుడు తాను చేసినదాన్ని చూశాడు, అది బాగుందని ఎంచాడు, ఆ తర్వాత పని ఆపాడు. అలసిపోయి ఆపినట్టు అక్కడ లేదు. చేసిన పనిని కళ్లారా చూసుకోవడం కూడా విశ్రాంతిలో భాగమే. వారమంతా కడిగి, తుడిచి, సర్ది, ఇల్లు అద్దంలా పెట్టుకుంటాం. అందులో హాయిగా కూర్చునే రోజు ఒక్కటీ లేకపోతే ఆ శ్రమ ఎవరి కోసం?

రెండో కారణం న్యాయానికి సంబంధించింది. బానిసకు సెలవుండదు. ఇటుకల లెక్క తప్ప ఫరోకు ఇంకేమీ పట్టదు. ఆ బతుకు నుంచి బయటపడ్డవాళ్లు తమ ఇంట్లో ఇంకొకరిని అదే బతుకులోకి నెట్టకూడదు. అందుకే ద్వితీయోపదేశకాండము 5:14లో ఒక జాబితా ఉంది: కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఊళ్లో ఉన్న పరదేశి. యజమానితో సమానంగా దాసదాసీలకూ విశ్రాంతి దొరకాలన్న ఉద్దేశాన్ని ఆ వచనం దాచకుండా చెబుతుంది.

ఆ జాబితాలో భార్య పేరు లేదు. అంటే ఆమె పని మానకూడదని కాదు. “నీవు” అన్న పిలుపులోనే ఆమె కూడా ఉందని చాలామంది వ్యాఖ్యాతలు వివరిస్తారు. దాసికి, గాడిదకు కూడా విశ్రాంతినిచ్చిన ఆజ్ఞ ఇల్లాలిని మాత్రం పొయ్యి దగ్గర నిలబెట్టి ఉంచిందనుకోవడం అర్థం లేని మాట. కానీ మన ఇళ్లలో ఆదివారం నాడు సాధారణంగా జరుగుతున్నది అదే. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

చిన్న సంతోషాలు, పెద్ద మేలు

విశ్రాంతి దినం అనగానే కొందరికి “అది చేయకూడదు, ఇది ముట్టకూడదు” అన్న చిట్టా గుర్తుకొస్తుంది. అయితే యెషయా 58:13 ఆ రోజును ఆనందంగా ఎంచమని పిలుస్తుంది. యేసు ప్రభువు కూడా ఆ రోజు మనిషి మేలు కోసం ఏర్పడిందని స్పష్టం చేశాడు (మార్కు 2:27). అన్నపానాల్లో, కష్టార్జితంలో సుఖాన్ని అనుభవించడం దేవుడిచ్చిన వరమని ప్రసంగి 3:13 చెబుతుంది. ప్రసంగి మాట్లాడేది తిండి, నీరు, పని గురించే. చిన్న సంతోషాలంటే మనకు తెలియనివేమీ కావు.

మందిరం నుంచి వచ్చి, ఇస్త్రీ బట్టలు మార్చుకుని, పాత లుంగీయో మెత్తబడ్డ నూలు చీరో కట్టుకున్నప్పుడు ఒంటికి కలిగే హాయి అలాంటిది. గడియారం చూడకుండా తాగే రెండో కాఫీ అలాంటిది. వేసవిలో కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడక కట్టి, దాని వాసనలో కునుకు తీయడం. వానాకాలంలో నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులకు ఉప్పూ కారం రాసి పంచుకోవడం. వేరుశనగకాయలు ఉడకబెట్టి నడిమధ్య గిన్నె పెట్టుకుని అందరూ చుట్టూ కూర్చోవడం. అమ్మమ్మ మనవరాలి తలకు కొబ్బరినూనె పెట్టి చిక్కులు తీస్తూ పాత సంగతులు చెప్పడం. అటక మీది పెట్టె దించి, పెళ్లి ఫోటోలు, పసుపుపచ్చబడ్డ ఇన్‌లాండు ఉత్తరాలు తిరగేయడం. క్యారమ్ బోర్డు తుడిచి పౌడర్ చల్లుకోవడం, అదీ లేకపోతే సుద్దముక్కతో గడులు గీసుకుని అష్టాచమ్మా ఆడుకోవడం.

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. అయినా ఇవి తేలిగ్గా దొరకవు. ఎందుకంటే వీటన్నిటికీ కావలసింది తొందర లేని సమయం. చిక్కులు నెమ్మదిగానే తీయాలి, లేకపోతే పిల్ల ఏడుస్తుంది. ఉత్తరాలు ఒక్కొక్కటిగానే చదవాలి. తాతయ్య చెప్పే సంగతికి అసలు రుచి మూడో మలుపు దగ్గర ఉంటుంది. రెండో మలుపులోనే మనం లేచి వెళ్లిపోతే అది మనకు అందదు.

నిద్ర గురించి కూడా ఒక మాట. పగటి నిద్ర సోమరితనమని కొందరు భక్తిపరులు బాధపడతారు. తుపానులో ఊగుతున్న పడవలో తలకింద దిండు పెట్టుకుని నిద్రపోయిన ప్రభువును మార్కు 4:38లో చూస్తాం. ఏలీయా ప్రవక్త ప్రాణం విసిగి, ఇక చాలు ప్రభువా అని బదరీవృక్షం కింద పడిపోయినప్పుడు దేవదూత ఆయనను గద్దించలేదు, ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు. ఆయన తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు (1 రాజులు 19). దేవుడు ఏలీయాతో మాట్లాడింది ఆ తర్వాతే. నీరసించిన మనిషికి ముందు తిండి, నిద్ర కావాలన్న సంగతి బైబిలుకు తెలుసు.

వంటింటికి ఎవరు తాళం వేస్తారు?

ఇక అసలు సంగతికి వద్దాం. ఆదివారం ఇంట్లో అందరికన్నా ముందు లేచేది ఎవరు? పిల్లలకు తలస్నానాలు చేయించి, టిఫిను పెట్టి, మందిరానికి పరుగెత్తుకుంటూ వెళ్లేది ఎవరు? ఆరాధన ముగియగానే కోడికూరకు మసాలా నూరేది, బిర్యానీకి బియ్యం కడిగేది ఎవరు? పాస్టరుగారినో బంధువులనో భోజనానికి పిలిస్తే ఆ పని రెట్టింపు. తిన్నవాళ్లు ఆవలిస్తూ మంచాలు వెతుక్కునే వేళకు గిన్నెలు ఆమె కోసం ఎదురుచూస్తుంటాయి. అవి పూర్తయ్యేసరికి సాయంత్రం టీ వేళ. ఆ ఇంట్లో ఆదివారాన్ని అందరూ అనుభవించారు, ఒక్కరు తప్ప.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక విభాగం దేశమంతటా జనం తమ సమయాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అంటే దాదాపు ఐదు గంటలు. ఆ పనులు చేసే పురుషుల విషయంలో అది 97 నిమిషాలు. పైగా అప్పట్లో స్త్రీలలో నూటికి 81 మంది ఈ పనుల్లో పాలుపంచుకుంటే, పురుషులలో 26 మందే చేయి వేశారు. ఈ లెక్కలో క్రైస్తవుల ఇళ్లు వేరుగా ఉంటాయని నమ్మడానికి మనకు ఆధారమేమీ లేదు.

లేఖనంలో దీనికి ఒక దారి కనిపిస్తుంది. అరణ్యంలో మన్నా ఆరో దినాన రెండింతలు కురిసింది. వండుకోవలసిందీ కాల్చుకోవలసిందీ ఆ రోజే చేసుకుని, మిగిలినది మర్నాటికి ఉంచుకోమని మోషే చెప్పాడు (నిర్గమ 16). అంటే ఏడవ దినపు విశ్రాంతి ఆరో దినపు సాయంత్రమే మొదలవుతుంది. యూదుల ఇళ్లలో ఇప్పటికీ ఇదే పద్ధతి. శుక్రవారం పొద్దు గూకకముందే వంట ముగిస్తారు. చిక్కుడు గింజలు, దుంపలు, మాంసం కలిపిన కూరను సన్నని సెగ మీద రాత్రంతా ఉంచి శనివారం మధ్యాహ్నం వేడివేడిగా తింటారు. ఐరోపా యూదులు దాన్ని చోలెంట్ అంటారు. వంట నిషిద్ధమైన రోజున కమ్మని భోజనం ఎలా అన్న చిక్కును వాళ్లు ఆ విధంగా విప్పుకున్నారు.

మనకూ అలాంటి వంటలు లేకపోలేదు. చేపల పులుసు మర్నాటికే రుచి అని మన పెద్దలు ఎప్పుడో తేల్చారు. గోంగూర పచ్చడి, ఊరగాయలు, వడియాలు ఉండనే ఉన్నాయి. పులిహోర పొద్దున కలిపితే రాత్రిదాకా ఉంటుంది. నెలలో ఒకటి రెండు ఆదివారాలు బిర్యానీ లేకపోతే ఏ ఇంటి పరువూ పోదు. శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ ఒక గంట కేటాయించి కూరలు తరిగి, అల్లం వెల్లుల్లి నూరి, బట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకుంటే ఆదివారం పని సగానికి సగం తగ్గుతుంది.

అయితే పనిని ముందురోజుకు జరపడం ఒక్కటే చాలదు. ఆదివారం పని తప్పించుకోవడానికి శనివారం ఆమే రెండింతలు చేయవలసి వస్తే లెక్క మళ్లీ అక్కడికే వస్తుంది. పని పంచుకోవాలి. మగవాళ్లు వంటింట్లోకి వెళ్లడం తక్కువతనమనుకునేవారు యోహాను 21వ అధ్యాయం మరొకసారి చదవాలి. రాత్రంతా వల వేసి ఒడ్డుకు వచ్చిన శిష్యులకు అక్కడ నిప్పులు, వాటి మీద చేపలు, పక్కన రొట్టె కనిపించాయి. పునరుత్థానుడైన ప్రభువు వాళ్లను పిలిచి తన చేతులతో వడ్డించాడు. ఆయన చేసిన పని చేస్తే మన గౌరవం తగ్గుతుందా? అన్నం వార్చడం రానివారికి గిన్నెలు తోమడం వస్తుంది. అదీ రానివారు నేర్చుకోవచ్చు. పన్నెండేళ్ల కొడుకుకు కూడా.

అన్నలారా, అయ్యలారా, ఈ ఆదివారం ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. భోజనాలయ్యాక మీరు పడుకునే ముందు ఇల్లంతా ఒకసారి కలియజూడండి. ఎవరైనా ఇంకా నిలబడి ఉంటే ఆ ఇంట్లో విశ్రాంతి ఇంకా మొదలు కానట్టే.

మన ఇంటి గడప దాటిన వాళ్లు

ఇంట్లో పనిచేయడానికి వచ్చే అమ్మాయికి వారానికి ఒక రోజు సెలవు ఇస్తున్నామా? ఆమె పనిచేసేది ఫ్యాక్టరీలో కాదు, మన ఇంట్లో. ఆమెకు ఆదివారం ఉందో లేదో తేల్చేది మనమే. ద్వితీయోపదేశకాండపు జాబితాలో దాసి పేరు ఎందుకుందో ఇక్కడ అర్థమవుతుంది. సెలవు ఇచ్చి జీతంలో కోత పెడితే అది సెలవు కాదు. యెషయా 58వ అధ్యాయంలో దేవుడు తప్పుపట్టింది కూడా ఇలాంటివారినే. ఉపవాసముంటూనే తమ పనివాళ్లను పీడించినవారిని.

ఆదివారం తప్పనిసరిగా పనిచేసేవారు కూడా మన సంఘాల్లో ఉన్నారు. నర్సులు, బస్సు డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, భోజనం పొట్లాలు మోటార్ సైకిల్ మీద తెచ్చిచ్చే కుర్రవాళ్లు. మందిరానికి రాలేదని వాళ్లను చిన్నచూపు చూడకూడదు. విశ్రాంతి దినాన రోగుల్ని బాగుచేసిన ప్రభువును వెంబడించేవాళ్లం మనం. వారికి వారంలో ఇంకో రోజు ఇంట్లో నిశ్శబ్దం దొరికేలా ఇంటివాళ్లు చూడాలి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కూతురు పగలు పడుకుంటే టీవీ గొంతు తగ్గించడం కూడా ప్రేమే.

పాస్టరుగారి సంగతి కూడా ఇదే. మనకు సెలవైన ఆదివారం ఆయనకు, పాస్టరమ్మగారికి వారంలోకెల్లా బరువైన రోజు. సోమవారం తెల్లవారుజామునే ఫోన్ చేసి కమిటీ గొడవలు చెప్పకుండా ఉండటం వారికి మనం ఇవ్వగలిగిన కానుక. సంఘాలు కూడా ఆలోచించాలి. ఉదయం ఆరాధన, తర్వాత సండే స్కూలు, ఆపైన స్త్రీల కూడిక, యవ్వనస్థుల కూడిక, సాయంత్రం గృహకూడిక, మధ్యలో కమిటీ సమావేశం. ఇలా ఆదివారమంతా నింపేస్తే ఒక కుటుంబం కలిసి కూర్చునే వేళ ఏది? విస్తారమైన జనం వస్తూ పోతూ భోజనానికి కూడా తీరిక లేని వేళ, ప్రభువు శిష్యులను ఏకాంత చోటికి వచ్చి కాసేపు అలసట తీర్చుకోమన్నాడు (మార్కు 6:31). సేవ ఆగిపోతుందని ఆయన భయపడలేదు.

చేతిలోని సంత

ఒకప్పుడు తలుపు మూస్తే సంత బయట ఆగిపోయేది. ఇప్పుడది ఫోను రూపంలో మంచం మీదికే వచ్చింది. ఆఫీసు వాట్సాప్ గ్రూపు, అమ్మకాల ప్రకటనలు, ఎవరో కొన్న కారు ఫోటో, ఇంకెవరో తిరిగొచ్చిన ఊరి ఫోటో. పడుకునే ఉన్నాం గాని మనసు ఇరవై చోట్ల తిరుగుతుంటుంది. ఇంట్లో నలుగురున్నా నలుగురూ నాలుగు గదుల్లో నాలుగు తెరలు చూస్తుంటే, ఒకరి సెలవు ఇంకొకరికి అందని ఆ సోవియట్ కుటుంబానికీ మనకూ పెద్ద తేడా లేదు.

ఫోనును పూర్తిగా పక్కన పడేయమనడం లేదు. దూరాన ఉన్న పిల్లలతో మాట్లాడేది దాంతోనే. మస్కట్‌లోనో కువైట్‌లోనో పనిచేసే కొడుకు గొంతు వినడమే కొందరు తల్లులకు ఆదివారపు సంతోషం. ఆ మాట అయ్యాక భోజనం మొదలుకుని సాయంత్రం టీ దాకా ఫోన్లన్నీ ఒక బుట్టలో పెట్టి చూడండి. మొదటి అరగంట చేతులు దురద పెడతాయి. తర్వాత ఎవరో ఒకరు మాట కలుపుతారు.

ఇంట్లో ఒంటరిగా ఉన్నవారికి ఈ నిశ్శబ్దం బరువుగా ఉంటుందని మరిచిపోకూడదు. భర్త పోయిన తల్లికి, పిల్లలు విదేశాల్లో ఉన్న వృద్ధ దంపతులకు ఆదివారం మధ్యాహ్నం చాలా పొడుగ్గా ఉంటుంది. హడావుడి లేని మన ఇంటి భోజనంలో వారికొక పీట వేయడం కష్టం కాదు. నాలుగు కూరలు చేయనక్కరలేదు. నిన్నటి చేపల పులుసు, వేడి అన్నం, పక్కన కూర్చునే మనుషులు చాలు.

ఈ శనివారం సాయంత్రం ఉల్లిపాయలు ఎవరు తరుగుతారో, గిన్నెలు ఎవరు తోముతారో ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకోండి. ఆదివారం మందిరం నుంచి వచ్చి, భోజనం ముగించి, అందరూ ఒకేసారి కూర్చోండి. సోమవారం ఎవరైనా నిన్న ఏం చేశారని అడిగితే మొహమాటం లేకుండా చెప్పండి: ఇంట్లోనే ఉన్నాం, అందరమూ.